నేనిచ్చిన పన్నెండు మార్కులు

రండమ్మా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. కాఫీ కావాలంటే ఇప్పుడే చెప్పండి, మధ్యలో లేవమంటే నేను లేవను. ఇది కోపంతో చెప్పే సంగతి. కోపం చల్లారాక చెబుదామని ఇన్నాళ్ళు ఆగాను. అది చల్లారేది కాదని తెలిశాక ఇవాళ మొదలుపెట్టాను.

నేను ఐర్లండు వెళ్ళింది మా అమ్మాయి రెండో కాన్పుకి. ఆరు నెలలుండి వచ్చేద్దామని అయిదు చీరలు, రెండు స్వెట్టర్లు, ఒక జాడీ గోంగూర పచ్చడితో వెళ్ళాను. వెళ్ళిన నెలకే లోకమంతా తలుపులు వేసుకుంది. విమానాలు లేవు. అయిదు చీరలతోనే ఏడాదిన్నర గడిపాను. మా అమ్మాయి వాళ్ళుండే పేట క్లాండాల్కిన్‌లో ఇళ్ళన్నీ జంటలు జంటలుగా ఒక గోడ పంచుకుని ఉంటాయి. మా గోడకి అవతల ఒక ముసలావిడ ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్దది, ఒక్కతే. ఆవిడ మాట్లాడేది నాకు అర్థమయ్యేది కాదు, నాది ఆవిడకి అయ్యేది కాదు. పదకొండేళ్ళ మా మనవరాలు మధ్యలో నిలబడి అటూ ఇటూ చెప్పేది. మనవరాలికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది, అదీ అక్కడి వాళ్ళ యాసలో. అన్నం బాగుందా అంటే "గ్రాండ్", జ్వరం తగ్గిందా అంటే "గ్రాండ్".

రెండో ఏడాది చలికాలంలో బళ్ళు మళ్ళీ మూసేశారు. ఆ మూడు నెలల్లో పిల్ల ముడుచుకుపోయింది. గదిలోంచి వచ్చేది కాదు, తలుపు కొడితే "ఐయామ్ ఫైన్" అనేది. అక్కడ బళ్ళు తెరిచాక ఇక్కడ ఇండియాలో రెండోసారి జబ్బు చెలరేగింది. ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి నుంచి ఫోన్ వస్తే తీయడానికి భయపడేదాన్ని. మా తోడికోడలు, ఆమె తమ్ముడు వారం తేడాలో పోయారు. చూడటానికి లేదు, ఏడవడానికి పక్కన మనిషి లేదు. నేను చెప్పే పాటల పోటీ ఆ రోజుల్లో జరిగింది. అటువంటి రోజుల్లో కూడా మనిషికి ఆ బుద్ధి ఎలా పుట్టిందని నా కోపం.

ముందు పెద్ద పోటీ సంగతి చెప్పాలి. యూరప్ దేశాలన్నీ ఏటా ఒక పాటల పోటీ పెట్టుకుంటాయి. దేశానికొక పాట. ఎవరి దేశానికి వాళ్ళు వేసుకోకూడదు, మిగతా దేశాలకి మార్కులు వేయాలి. ఇళ్ళల్లో చూసేవాళ్ళు కూడా ఫోనుతో ఓటు వేయొచ్చు. అన్నిటికంటే పెద్ద మార్కు పన్నెండు. జబ్బు వచ్చిన మొదటి ఏడాది ఆ పోటీ జరగలేదు, రెండో ఏడాది మే నెలలో జరిగింది. ఒకళ్ళింటికి ఒకళ్ళు వెళ్ళడానికి లేని రోజులు కాబట్టి, పక్కింటి ముసలావిడ తన టీవీ ముందు, మేము మా టీవీ ముందు కూర్చున్నాం. పాట నచ్చితే ఆవిడ గోడ మీద రెండుసార్లు కొట్టేది. నాకు నచ్చితే నేను కొట్టేదాన్ని. మనవరాలు ఆ రోజు చాలా రోజుల తర్వాత నవ్వింది. ఇద్దరం ఒకే పాటకి కొట్టిన ప్రతిసారీ అది సోఫాలో గెంతింది.

మర్నాడు పొద్దున ముసలావిడ పెరటి గోడ దగ్గర నిలబడి తిట్లు మొదలెట్టింది. ఐర్లండు ఒకప్పుడు ఆ పోటీ మళ్ళీ మళ్ళీ గెలిచిందట. ఈసారి చివరి రోజు దాకా కూడా రాలేదు.

"ఎవరి చుట్టుపక్కల వాళ్ళకి వాళ్ళు వేసుకుంటారంట అమ్మమ్మా," అని మనవరాలు తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెప్పింది. "పాట ఎవరూ వినరంట. ఇట్స్ ఆల్ పాలిటిక్స్, అంటున్నారు."

"మరి ఆవిడ ఎవరికి వేసిందో అడుగు."

అడిగింది. ముసలావిడ కాసేపు పూలకుండీ వైపు చూసి, "మాల్టా," అంది. అదొక చిన్న దీవి, ఆవిడ చెల్లెలు పెళ్ళి చేసుకుని అక్కడ స్థిరపడింది.

"పాట నచ్చిందా?"

"అది వచ్చేసరికి ఆవిడ టీ పెట్టుకుంటున్నారంట," అని మనవరాలు చెప్పింది. ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. అవును, నేనూ నవ్వాను. అది దాచను.

అదే పోటీలో పక్కనున్న ఇంగ్లండు దేశానికి సున్నా వచ్చింది. ఏ దేశమూ ఒక్క మార్కు వేయలేదు. దానికి మా అల్లుడు, అతని స్నేహితులు ఫోన్లో పండగ చేసుకున్నారు.

"మీకేం చేసిందయ్యా ఆ దేశం? అంత సంతోషమేంది?" అన్నాను.

"అత్తయ్యా, ఈ ఐర్లండు వాళ్ళని ఎనిమిది వందల ఏళ్ళు ఏలారండీ వాళ్ళు."

"మీరొచ్చి ఎనిమిదేళ్ళేగా."

"మనల్నీ ఏలారుగా. అంటే మనకి డబల్ కోపం ఉండాలి," అన్నాడు. అల్లుడు మాటకారి. మంచివాడు కూడా. మా అమ్మాయి పురిట్లో ఉన్నప్పుడు వంట, అంట్లు, చంటిదాని బట్టలు అన్నీ అతనే చూశాడు. నా మోకాళ్ళకి వేణ్ణీళ్ళ సంచి తెచ్చి పెట్టాడు. అందుకే ఆ తర్వాత చేసిన పనికి నాకు ఇంకా ఎక్కువ మండింది.

ఆ నవ్వులు ఇంకా చెవుల్లో ఉండగానే తెలుగువాళ్ళు తమకీ ఒక పోటీ కావాలనుకున్నారు. ఆరు దేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు కలిసి, ఇళ్ళల్లోంచే పాడి వీడియోలు పంపాలని ఏర్పాటు. ఐర్లండు, ఇంగ్లండు, జర్మనీ, హాలండు, ఫ్రాన్సు, స్వీడను. అమ్మమ్మల కాలం పాటలే పాడాలి, సినిమా పాటలు కూడదు. దేశానికొక పాట, దేశానికొక జడ్జి. జడ్జి పాటలు తెలిసిన పెద్దమనిషి అయి ఉండాలి. పెద్ద పోటీలో లాగే సొంత దేశానికి వేయకూడదు. మిగిలిన అయిదింటికీ పన్నెండు, పది, ఎనిమిది, ఆరు, నాలుగు వేయాలి. ఐర్లండు తరఫున ఏర్పాట్లన్నీ మా అల్లుడివి. జడ్జిని నేను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని జడ్జి ఏమిటని నేనంటే, "ఆంటీకి వచ్చిన పాటలు ఇక్కడెవరికీ రావు," అని అందరూ పట్టుబట్టారు. వాళ్ళన్నది నిజమే. నాకు రాయడం సరిగా రాదు కానీ విన్నది పోదు.

ఐర్లండు తరఫున పాడింది మా మనవరాలు. నేను నేర్పిన మంగళహారతి పాట. ఆ పాట కోసమే పిల్ల గదిలోంచి బయటికి వచ్చింది. నెలరోజులు నా పక్కన కూర్చుని ఒక్కొక్క మాటకీ అర్థం అడిగింది. కర్పూరం అంటే ఏంటి, పళ్ళెరం అంటే ఏంటి, అమ్మవారికి చెమట ఎందుకు పడుతుంది? బళ్ళో స్నేహితురాళ్ళకి ఫోన్ చేసి వినిపించింది. దానికి ఆ పోటీ ఎంత ముఖ్యమో నేను చెప్పక్కర్లేదు. వీడియో తీసిన రోజున ఆకుపచ్చ పట్టు లంగా కట్టుకుని, అద్దం ముందు నుంచి కదల్లేదు.

మిగతా అయిదు పాటలు అల్లుడు నా ఫోన్లో పెట్టాడు. బీన్సు తుంచుతూ, చంటిదాన్ని ఊపుతూ వారం పాటు విన్నాను. జర్మనీ పాట పాడినతను గొంతుకి మిషన్లతో మెరుగులు పెట్టుకున్నాడు, అందులో మనిషి ఊపిరే వినపడదు. స్వీడను పిల్ల బాగా పాడింది. హాలండు ఆయనది పెద్ద గొంతు. ఫ్రాన్సు అమ్మాయికి మధ్యలో మాటలు గుర్తు రాలేదు, నవ్వి కలుపుకుంది.

ఇంగ్లండు నుంచి పాడింది ఒక నడివయసు ఆడమనిషి. సొంతూరు బాపట్ల పక్కనట, అక్కడ ముసలివాళ్ళని చూసుకునే ఆశ్రమంలో పనిచేస్తుందట. ఆ పనిబట్టలతోనే, వంటగదిలో స్టీలు సింకు ముందు నిలబడి పాడింది. పాడింది తిరగలి పాట.

ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాలి. తిరగలి తిప్పుతూ పాడే పాటలో ప్రతి చరణం చివరా ఒక ఆగు ఉంటుంది. మా ఇంట్లో రాయి బరువైనది. ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో గుప్పెడు కందులు నడిమి కంతలో పోయాలంటే రాయి ఒక్క క్షణం నెమ్మదించాలి. రాయి ఆగితే పాటా ఆగుతుంది. గుప్పెడు పడ్డాక మళ్ళీ రెండూ కలిసి బయలుదేరతాయి. పుస్తకంలో చూసి నేర్చుకున్నవాళ్ళకి ఆ ఆగు తెలియదు. రికార్డుల్లో వాయిద్యాల వాళ్ళు దాన్ని పూడ్చేస్తారు. రాయి దగ్గర కూర్చుని, తల్లి మోకాలికి ఆనుకుని నేర్చుకున్నవాళ్ళకే ఆ ఆగు వస్తుంది. ఆవిడ ఆగింది. ప్రతి చరణానికీ ఆగింది. ఆగినప్పుడల్లా ఆవిడ ఎడమచేయి గాలిలో ఒకసారి మూసుకుని తెరుచుకుంది. ఆవిడకే తెలియదనుకుంటాను, చేతిలో గింజలు లేకపోయినా పోస్తున్నానని.

బీన్సు పళ్ళెం కింద పెట్టేశాను. మా అమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది. అమ్మ చేయి మళ్ళీ చూశాను.

గురువారం నాడు వంటగదిలో నిలబడి అల్లుడికి నోటితో చెప్పాను. "ఇంగ్లండుకి పన్నెండు. స్వీడనుకి పది. హాలండుకి ఎనిమిది. ఫ్రాన్సుకి ఆరు. జర్మనీకి నాలుగు. రాసుకున్నారా?"

అతను ఫోన్లో కొట్టుకుంటున్నవాడల్లా ఆగి, "ఇంగ్లండావిడ తాళం తప్పింది కదండీ అత్తయ్యా? ప్రతిచోటా ఆగిపోతోంది," అన్నాడు.

"తప్పలా. గింజ పోసింది."

"సరే సరే," అన్నాడు. ఇంకేం అడగలేదు. గింజ అంటే ఏంటని అడిగి ఉంటే బాగుండేది.

ఆదివారం మధ్యాహ్నం ఫలితాలు. ఆరు దేశాల వాళ్ళూ కంప్యూటరులో కనపడుతున్నారు, ఎవరి డబ్బాలో వాళ్ళు. మా హాల్లో సోఫా మధ్యలో నేను, ఒక పక్క చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన ఫోన్లో చూస్తున్న మనవరాలు, ఇంకో పక్క అల్లుడు. మా అమ్మాయి చంటిదాన్ని ఎత్తుకుని వెనక నిలబడింది. ప్రతి దేశం తరఫునా ఒకరు మార్కులు చదవాలి. మా వంతు వచ్చింది. అల్లుడు గొంతు సవరించుకుని, టీవీలో వాళ్ళలాగే, "ఇవి మా అత్తయ్యగారు స్వయంగా విని ఇచ్చిన మార్కులు," అన్నాడు.

"ఇంగ్లండుకి నాలుగు."

నేను తప్పు విన్నాననుకున్నాను.

"ఫ్రాన్సుకి ఆరు. హాలండుకి ఎనిమిది. స్వీడనుకి పది. ఇక... మా పన్నెండు మార్కులు... జర్మనీకి!"

లేచి నిలబడ్డాను. "ఇది నేను ఇచ్చింది కాదు! ఇంగ్లండుకి పన్నెండు ఇచ్చాను నేను! తిరగలి పాటకి ఇచ్చాను!" అని గట్టిగా అరిచాను, రెండు చేతులూ ఎత్తి. అల్లుడు చదవడం అయిపోగానే మా వైపు శబ్దం ఆపేశాడు. నా గొంతు ఎవరికీ వెళ్ళలేదు, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లకి కూడా. ఆ డబ్బాల్లో ఉన్న యాభై అరవై మంది నా చేతులు చూసి, నా పెదాలు చూసి, నేను దీవిస్తున్నాననుకున్నారు. ఒక్కొక్కళ్ళే చేతులు జోడించడం మొదలెట్టారు. "ఆంటీ ఆశీర్వాదం ఇస్తున్నారు, అందరూ తీసుకోండి," అని ఎవరో అన్నారు. ఇంగ్లండు డబ్బాలో ఉన్న ఆవిడ కూడా నాకు వంగి దణ్ణం పెట్టింది. నేను నాలుగు మార్కులు వేశాననుకుంటూనే పెట్టింది.

ఆ దణ్ణం తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

జర్మనీ వాళ్ళు తమ పన్నెండూ ఐర్లండుకి వేశారు. లెక్కలు కలిపారు. ఐర్లండు మొదట, ఇంగ్లండు రెండు. తేడా ఆరు మార్కులు. నా చదువు ఎంతయినా నాలుగుకీ పన్నెండుకీ మధ్య ఎనిమిదని నాకు తెలుసు. నా మాట నా మాటగా వెళ్ళి ఉంటే గెలిచేది ఆ తిరగలి పాట.

కానీ అప్పటికే మనవరాలు నా మెడ పట్టుకుని ఊగుతోంది. "అమ్మమ్మా, వుయ్ వన్! వుయ్ వన్!" ఏడుస్తోంది, నవ్వుతోంది. పిల్ల కేకలు విని పక్కింటావిడ గోడ మీద డబడబా కొడుతోంది. ఆ నిమిషంలో నేనేం చేయగలను? పిల్ల వీపు నిమిరాను. నా పళ్ళు ఒకదానితో ఒకటి నూరుకుంటున్నాయి.

పిల్ల స్నేహితురాలికి చెప్పడానికి బయటికి పరిగెత్తాక వంటగది తలుపు వేశాను.

"ఎందుకు చేశారు అల్లుడుగారూ?"

"ఏంటండీ?"

"ఏంటండీ అనబాకండి. నేను చెప్పింది అట్టా తలకిందులు చేసి చదివారే, అది."

అతను నవ్వబోయి ఆగాడు. "అత్తయ్యా, జర్మనీ వాడు నా పాత రూమ్మేటండీ. వాడు మనకి పన్నెండు, మనం వాడికి పన్నెండు, ముందే అనుకున్నాం. అందరూ అదే చేస్తారు. అంత పెద్ద పోటీలో దేశాలే చేస్తుంటే మనమెంత? అయినా ఇంగ్లండుకి మనం పన్నెండేంటండీ, ఇక్కడ అందరూ నవ్వుతారు."

"ఇంగ్లండు ఏందయ్యా ఇంగ్లండు! ఆవిడేమన్నా రాణిగారా? బాపట్ల పక్క మనిషి. ముసలోళ్ళ ఒళ్ళు తుడిచి బతుకుతోంది. వాళ్ళ పగా మీ పగా ఆవిడ నెత్తిన రుద్దుతారా?"

"అత్తయ్యా, సరదా పోటీ ఇది..."

"సరదాకి మీ పేరు పెట్టుకోండి. నా పేరు చెప్పి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అబద్ధం చదివారు. నేను బదులు చెబితే నా నోరు నొక్కారు."

మా అమ్మాయి మధ్యలోకి వచ్చింది. "అమ్మా, ఇంక వదిలెయ్యవే. పాప ఎన్నాళ్ళకి నవ్విందో చూశావా? మళ్ళీ ఆ గదిలోకి పోయి కూర్చుంటే నువ్వు తీసుకొస్తావా?"

 ఆ మాటే నన్ను ఆ రోజంతా తినేసింది. నిజం చెబితే పిల్ల ఓడుతుంది. చెప్పకపోతే ఆ వంటింటి మనిషి తాళం తప్పినదిగా మిగిలిపోతుంది, నా పేరు మీద.

సోమవారం పొద్దున బట్టలు ఆరేస్తుంటే ముసలావిడ గోడ మీదుగా చప్పట్లు కొట్టి ఏదో అంది. నాకు అక్కడి మాటలు ఓ పది పదిహేను వచ్చేవి. "నో క్లాప్," అన్నాను. "మై సన్ ఇన్ లా. మాల్టా. మాల్టా." ముందు ఆవిడకి తెలియలేదు. తెలిశాక చప్పట్లు ఆగిపోయాయి. లోపలికి పోయింది. ఆ పూట మా ఇద్దరికీ నవ్వు రాలేదు.

సాయంత్రం మనవరాలు బడి నుంచి వచ్చి టోస్టు తింటోంది. నా ఫోన్ దాని ముందు పెట్టాను. జడ్జిలందరూ ఉన్న గ్రూపులో నన్నూ చేర్చి ఉన్నారు. నాకు టైపు కొట్టడం రాదు, గొంతు పంపడం ఎలాగో తెలియదు.

"దీంట్లో మాట పంపాలంటే ఏది నొక్కాలి?"

"వాట్ ఫర్?"

చెప్పాను. దాచకుండా, మెత్తగా చేయకుండా మొత్తం చెప్పాను. టోస్టు చేతిలో అలాగే ఉంది. దాని మొహం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది.

"సో ఐ లూజ్?"

"అవునమ్మా."

"ఇట్స్ నాట్ ఫెయిర్! యు ఆర్ మై అమ్మమ్మ. యు ఆర్ సపోజ్డ్ టు బి ఆన్ మై సైడ్!"

కుర్చీ వెనక్కి తోసి పైకి పోయింది. తలుపు పడిన చప్పుడుకి చంటిది లేచి ఏడ్చింది. నేను ఎంగిలి పళ్ళెం ముందు కూర్చుండిపోయాను. మళ్ళీ మూడు నెలలు ఆ తలుపు తీయదేమోనని భయం వేసింది. ఫోన్ తీసి దాచేద్దామా అని కూడా అనుకున్నాను. మీ దగ్గర దాచను, అనుకున్న మాట నిజం.

బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేసరికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. దాని ఫోన్లో తిరగలి పాట మోగుతోంది.

"వై డస్ షి కీప్ స్టాపింగ్?" అంది, నా మొహం చూడకుండా.

చెబితే తెలిసేది కాదు. రెండు స్టీలు పళ్ళేలు తీశాను. ఒకటి నేల మీద పెట్టి, దాని మీద రెండోది బోర్లించాను. గుప్పెడు కందిపప్పు తీసి దాని అరచేతిలో పోశాను. "నేను పాడతా. నువ్వు ఒక చేత్తో పైపళ్ళెం తిప్పు. చరణం అయిపోగానే అంచు కాస్త ఎత్తి పప్పు లోపలికి పొయ్యి. తిప్పడం మటుకు ఆపబాక."

తిప్పింది. చరణం అయింది. తిప్పుతూనే అంచు ఎత్తబోయింది. పళ్ళెం జారిపోయి పప్పు వంటగదంతా చిందింది, ఫ్రిజ్ కిందికి కూడా పోయింది.

"ఇప్పుడు ఆగి పొయ్యి."

నేను పాడి ఆగాను. అదీ ఆగింది. పప్పు లోపలికి పడింది. మళ్ళీ కదిలాం. మూడుసార్లు చేశాక దాని చేయి నా గొంతుతో పాటు దానంతటదే ఆగింది.

"షి వాజ్‌న్ట్ రాంగ్," అంది నెమ్మదిగా.

"కాదు."

"డస్ నాన్న నో?"

"చెప్పాను. వినలా."

నేల మీది పప్పు ఒక్కొక్కటే ఏరింది. చాలాసేపు ఏరింది. తర్వాత నా ఫోన్ తీసుకుని, ఒక గుర్తు మీద బొటనవేలు అదిమి, నా నోటి ముందు పెట్టింది. వేలు ఎత్తలేదు.

నేను ఇలా చెప్పాను: "నేను ఐర్లండు జడ్జిని. నిన్న నా పేరు మీద చదివిన మార్కులు నావి కావు. నేను ఇంగ్లండు తిరగలి పాటకి పన్నెండు ఇచ్చాను. ఆవిడ తాళం తప్పలా. గింజ పోసే ఆగు అది. తెలవని వాళ్ళు తెలిసినవాళ్ళని అడగండి. నిన్న నేను మిమ్మల్ని దీవించలేదు, తిడుతున్నాను. ఆ దణ్ణాలు వెనక్కి తీసుకోండి."

మనవరాలు వేలు ఎత్తింది. పోయింది మాట. పక్కకి తిరిగి, "ఐయామ్ స్టిల్ మ్యాడ్ అట్ యు," అంది. ఉండనీ అన్నాను. అది మిగిలిన టోస్టు తినేసింది.

ఏమైందంటారా? ఏమీ కాలేదు. జర్మనీ వాళ్ళు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఎవరో రెండు దణ్ణాల బొమ్మలు పెట్టారు. నిర్వాహకులు "ఫలితాలు మారవు, పెద్దలు సహకరించాలి" అని రాశారు, మనవరాలు చదివి చెప్పింది. మర్నాటికి నన్ను గ్రూపులోంచి తీసేశారు. అల్లుడు తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా మా అమ్మాయినే అడిగేవాడు. నేనూ తగ్గలేదు. వేణ్ణీళ్ళ సంచి నేనే నింపుకున్నాను.

కప్పు పోస్టులో వచ్చింది. ఇత్తడి రంగు కప్పు, మనవరాలి పేరు చెక్కారు. అది దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, మెట్ల పైన హాట్‌ప్రెస్‌లో తువ్వాళ్ళ కింద పెట్టేసింది. వేణ్ణీళ్ళ ట్యాంకు పక్కన బట్టలు వెచ్చగా ఉంచే అరని వాళ్ళు అలా అంటారు. ఎందుకమ్మా అక్కడ అని మా అమ్మాయి అడిగితే, "ఇట్స్ గ్రాండ్ దేర్," అంది.

పదిహేను రోజుల తర్వాత నా ఫోన్ మోగింది. ఇంగ్లండు నుంచి. నా మాట చేతులు మారి మారి చివరికి ఆవిడకి చేరిందట.

"అమ్మా, నేనేనండీ. తిరగలి పాట," అంది.  "ఆరోజు నుంచి పాడటం మానేశానండీ. మీరు పెద్దవారు, మీరే నాలుగు వేశారంటే నేను తప్పే పాడి ఉంటాననుకున్నా. మా అమ్మ నేర్పింది తప్పేమోనని... అమ్మని అడుగుదామంటే అమ్మ లేదండీ. మే నెలలో పోయింది. నేను వెళ్ళలేకపోయా."

విన్నారా? ఆరు మార్కుల కోసం, ఒక ఇత్తడి కప్పు కోసం, వాళ్ళెవరో ఎనిమిది వందల ఏళ్ళు కొట్టుకున్న గొడవ పేరు చెప్పి, తల్లిని పోగొట్టుకున్న మనిషికి తల్లి పాట మీద అనుమానం పుట్టించారు. సరదా పోటీ అంట. నా కోపం ఎందుకు చల్లారుతుందో మీరే చెప్పండి.

"మీ అమ్మ సరిగ్గా నేర్పింది," అన్నాను. "మా అమ్మకీ అదే చేయి."

ఫోన్ స్పీకరులోనే ఉంది. పక్కన కూర్చుని బొమ్మ గీస్తున్న మనవరాలు తలెత్తి, తన యాసలోనే, కానీ తెలుగులో అంది. "ఆంటీ, మళ్ళీ పాడతారా? నేను గింజ పోస్తాను."

పళ్ళేలు తెచ్చింది. అక్కడ ఆవిడ పాడింది. ఇక్కడ పిల్ల తిప్పింది, ఆగింది, పోసింది. ఈసారి ఒక్క పప్పు చిందలేదు. అల్లుడు పైనుంచి టీ కోసం దిగుతూ మెట్ల మీదే ఆగిపోయాడు. పాట అయ్యేదాకా కదల్లేదు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఆవిడ నంబరు నాకొకసారి ఇస్తారా అత్తయ్యా," అన్నాడు. ఇచ్చాను. ఆవిడతో ఏం మాట్లాడాడో నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఆ రోజు సాయంత్రం నా వేణ్ణీళ్ళ సంచి మాత్రం నిండి నా కుర్చీలో ఉంది.

అయినా ఆ కాగితాల్లో ఇవాళ్టికీ ఇంగ్లండు రెండోదే. నా పేరు పక్కన ఇవాళ్టికీ నాలుగే. నేను చచ్చేదాకా చెబుతూనే ఉంటాను: నేనిచ్చింది పన్నెండు.

ఇక లేవండి, పొద్దుపోయింది. ఓపిగ్గా విన్నారు కాబట్టి ఒక్క మాట. ఈసారి నా చేతులు నిజంగానే దీవించడానికి ఎత్తుతున్నాను. మీ ఇంట్లో ఎవరు పాడినా, ఎక్కడ ఎందుకు ఆగారో తెలిసిన చెవి ఒకటి పక్కన ఉండాలి. మీ పిల్లలు గెలిచిన రోజున కూడా వాళ్ళకి నిజం చెప్పగల మనిషి మీ ఇంట్లో ఉండాలి. మీ డబ్బాలో కందులు, మీ గుప్పిట్లో గింజలు ఎన్నడూ నిండుకోకూడదు. చల్లగా ఉండండి, మీరూ మీ ఇల్లూ.